పేరు దక్కని లెన్సు, ఆరడుగుల దూరం: నికాన్ సిరీస్-ఇ 100 మి.మీ. పై ఒక విమర్శ

ఛాయాచిత్రాల మీద విమర్శ రాసేవారు సాధారణంగా బొమ్మలోని మనిషి గురించి, వెలుగునీడల గురించి, తీసినవారి దృష్టి గురించి రాస్తారు. ఆ బొమ్మ ఏ పనిముట్టుతో తీశారన్నది వారికి పట్టదు. పనిముట్ల గురించి ఉత్సాహంగా మాట్లాడేవారికి బొమ్మ పట్టదు. ఈ పాఠంలో రెండింటినీ కలిపి చూద్దాం. అందుకు ఉదాహరణగా తీసుకున్నది జపాన్‌కు చెందిన నికాన్ సంస్థ 1979లో తెచ్చిన సిరీస్-ఇ 100 మి.మీ. ఎఫ్/2.8 లెన్సు. దాన్ని పరీక్షించే చోటు ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా గూడేలు, కరీంనగర్ వెండి తీగ పనివారి ముంగిళ్లు. ఈ లెన్సు గొప్పదా కాదా అన్నది చిన్న ప్రశ్న. మన ప్రాంతపు ముఖాలను ఎంత దూరం నుంచి చూడాలి అన్నది పెద్ద ప్రశ్న. చిన్న ప్రశ్నతో మొదలుపెడితేనే పెద్దదానికి జవాబు దొరుకుతుందని నా నమ్మకం.

పొట్టి టెలిఫోటో అంటే ఏమిటి?

35 మి.మీ. ఫిల్ము మీద ఒక్కో బొమ్మ కొలత 24 × 36 మి.మీ. దానికి 50 మి.మీ. నాభ్యంతరం ఉన్న లెన్సును మామూలు లెన్సు అంటారు. సుమారు 85 నుంచి 135 మి.మీ. వరకు ఉన్నవాటిని పొట్టి టెలిఫోటోలు అంటారు. 100 మి.మీ. లెన్సు చూపే కోణం దాదాపు 24 డిగ్రీలు, అంటే మామూలు లెన్సు చూపేదానిలో సగం. మనిషి తల, భుజాలు మాత్రమే ఫ్రేములోకి రావాలంటే 50 మి.మీ. లెన్సుతో మూడడుగుల దూరంలో నిలబడాలి. 100 మి.మీ.తో ఆరడుగుల దూరం సరిపోతుంది.

ఈ లెన్సు ముఖాన్ని అందంగా చూపిస్తుందని చాలామంది అంటారు. ఆ మాట సరికాదు. అందం లెన్సులో లేదు, దూరంలో ఉంది. ముక్కు కొనకూ చెవికీ మధ్య సుమారు 12 సెంటీమీటర్లు ఉంటుందనుకుందాం. మూడడుగుల నుంచి చూస్తే చెవితో పోల్చినప్పుడు ముక్కు ఉండాల్సినదానికన్నా ఎనిమిదోవంతు పెద్దదిగా కనబడుతుంది. ఆరడుగుల నుంచి చూస్తే ఆ తేడా పదిహేనోవంతుకు పడిపోతుంది. ఒకటిన్నర అడుగుల నుంచి సెల్‌ఫోనుతో తీస్తే నాలుగోవంతు అవుతుంది. ఫోనులో మన ముఖం మనకే నచ్చకపోవడానికి కారణం ముఖం కాదు, చేయి పొడవు.

ఈ లెక్కను గుర్తుంచుకుంటే ఒక సంగతి తేలుతుంది. పొట్టి టెలిఫోటో చేసే మేలు అంతా మనల్ని మూడడుగులు వెనక్కి నిలబెట్టడమే. తక్కినది మన పని.

పెద్దింటి పేరు పెట్టని బిడ్డ

నికాన్ తన లెన్సులకు నిక్కోర్ అనే పేరు పెట్టేది. వృత్తి ఛాయాగ్రాహకుల లోకంలో ఆ పేరు ఒక హామీ. 1979లో కొత్తగా నేర్చుకునేవారి కోసం ఈఎం అనే చిన్న కెమెరాను తెచ్చినప్పుడు దానికి తోడుగా చవకైన, తేలికైన లెన్సుల వరుసను కూడా తెచ్చింది. వాటి మీద నిక్కోర్ అని చెక్కలేదు, ‘సిరీస్-ఇ’ అని మాత్రమే రాసింది. బయటి తొడుగులో ప్లాస్టిక్కును ఎక్కువగా వాడింది. పాత నికాన్ కెమెరాల వెలుగు కొలమానానికి తగిలించే లోహపు కొమ్ములు వీటికి లేవు. దాంతో పాత కెమెరాలున్నవారు వీటిని ముట్టుకోలేదు. కొత్త కెమెరాలున్నవారు ప్లాస్టిక్కును చూసి పెదవి విరిచారు.

వీరంతా పోల్చి చూసింది నిక్కోర్ 105 మి.మీ. ఎఫ్/2.5తో. ఆ లెన్సుకు చరిత్ర ఉంది. 1953లో నికాన్ పాత రేంజ్‌ఫైండర్ కెమెరాల కోసం పుట్టి, 1959లో నికాన్ ఎఫ్ కెమెరాకు మారి, 1971లో లోపలి కటకాల అమరిక మార్చుకుని దశాబ్దాల పాటు కొనసాగింది. అది నిజంగా మంచి లెన్సు, అందులో వాదం లేదు. అయితే దాని చివరి రూపం బరువు 435 గ్రాములు. సిరీస్-ఇ 100 బరువు అందులో సగం, సుమారు 215 గ్రాములు.

చిన్నదాని లోపల నాలుగే కటకాలు, నాలుగూ విడివిడిగా ఉంటాయి. ఇంత తక్కువ గాజుతో వెలుగును బాగా పట్టే లెన్సు సాధ్యమని 1920లలో జర్మనీలో లుడ్విగ్ బెర్టెలె నిరూపించాడు. ఆయన రూపొందించిన ఎర్నోస్టార్ లెన్సున్న ఎర్మనాక్స్ కెమెరాతోనే ఎరిక్ సాలొమన్ కోర్టుల్లో, అంతర్జాతీయ సమావేశాల్లో ఫ్లాష్ లేకుండా నాయకుల ముఖాలను పట్టుకున్నాడు. నాలుగు కటకాలు అనగానే చవకబారు అనుకోవడం తొందరపాటు.

మరి ఎఫ్/2.5కూ ఎఫ్/2.8కూ తేడా? మూడోవంతు స్టాపు. సంధ్యవేళ ఇంటి అరుగు మీద ఆ తేడా మీకు తెలియనైనా తెలియదు. ఆ తేడా కోసం రెట్టింపు బరువు మోయడానికి ఒక్కటే కారణం కనిపిస్తుంది నాకు, గొట్టం మీది పేరు. సాహిత్య విమర్శలో కవి పేరు చూసి పద్యాన్ని మెచ్చుకునేవారిని మనం తప్పుపడతాం కదా, ఇక్కడా అంతే.

లోపాలు చెప్పకపోతే విమర్శ కాదు. 105లో తరవాతి రూపానికి ముందుకు జారే నీడగొట్టం లెన్సులోనే ఉంది. 100కు అది లేదు, విడిగా బిగించుకోవాలి. సూర్యుడు ముందువైపు నుంచి పడితే నలుపులు బూడిద రంగుకు తిరుగుతాయి. ఎండకు ఎదురు నిలబడి తీయాలనుకునేవారు నీడగొట్టం బిగించాలి, లేదా అరచేయి అడ్డం పెట్టాలి. ప్లాస్టిక్కు తొడుగు కిందపడితే ఇత్తడిలా ఓర్చుకోదు. ఇవన్నీ నిజమే. కానీ కెరమెరి ఘాటు దాటి గూడేల మధ్య రోజంతా తిరిగే మనిషికి మెడలో తగ్గిన పావుకిలో బరువు కూడా నిజమే.

ఆరడుగుల మర్యాద

మన ప్రాంతపు ఆదివాసుల బొమ్మలు రెండు రకాలుగా తీస్తున్నారు. ఒకటి, వైడ్ లెన్సుతో ముఖం మీద పడి తీసేవి. వీటిలో ముక్కు, పళ్లు, ముడతలు ముందుకు పొడుచుకొస్తాయి. రెండోది, పొడవాటి జూమ్ లెన్సుతో చెట్టు చాటు నుంచి, జనం మధ్య నుంచి, వారికి తెలియకుండా తీసేవి. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరిగినప్పుడు, దీపావళి రోజుల్లో దండారి బృందాలు ఊరూరా తిరిగేటప్పుడు ఈ రెండు రకాలవారూ కనిపిస్తారు. మొదటి రకంలో మనిషి వింత వస్తువు అవుతాడు. రెండో రకంలో వేటకు దొరికిన జంతువు అవుతాడు. మాట కఠినంగా ఉన్నా మార్చను.

ఆరడుగులు ఈ రెండింటికీ మధ్య దూరం. అరుగు మీద ఒకరు, వాకిట్లో ఒకరు కూర్చుని మాట్లాడుకునే దూరం. అక్కడ నిలబడితే మీరు ఎదుటివారికి కనిపిస్తారు. “దాదా, ఫొటో తీసుకోనా?” అని గొంతు పెంచకుండా అడగవచ్చు. వద్దంటే ఆ తల ఊపడం మీకు కనిపిస్తుంది. దొంగతనంగా తీయడానికి 100 మి.మీ. చాలదు, మీద పడి తీయడానికి ఒప్పుకోదు, ఎందుకంటే ఒక మీటరు కన్నా దగ్గరగా ఇది ఫోకస్ కాదు. ఈ లెన్సుకు నేనిచ్చే మొదటి మార్కు దీనికే.

అయితే దూరం సరిపోయినంత మాత్రాన న్యాయం జరిగిపోదు. 105 మి.మీ. నిక్కోర్‌తో తీసిన బొమ్మల్లో ప్రపంచమంతా ఎరిగినది స్టీవ్ మెక్‌కరీ తీసిన అఫ్ఘాన్ బాలిక. 1984లో పాకిస్తాన్‌లోని పెషావర్ దగ్గర శరణార్థి శిబిరంలో తీసింది, 1985 జూన్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రంగా వచ్చింది. ఆ బొమ్మ ఏ కెమెరాతో, ఏ లెన్సుతో, ఏ ఫిల్ముతో తీశారో ఔత్సాహికులకు కంఠతా వచ్చు. బొమ్మలోని అమ్మాయి పేరు షర్బత్ గులా అని లోకానికి తెలిసింది మాత్రం 2002లో. పదిహేడేళ్లు. నేను ఈ బొమ్మను తక్కువ చేయడం లేదు, ఆ చూపు నన్నూ ఆపేస్తుంది. కానీ లెన్సు పేరు అడిగిన జనం మనిషి పేరు అడగకపోవడంలో ఆ బొమ్మ కూర్పుకు కూడా పాత్ర ఉంది. వెనక ఏమీ లేదు, పచ్చని మసక తప్ప. ఊరు లేదు, గుడారం లేదు, పక్కన మరో మనిషి లేడు.

మసక చెరిపేసేది ఏమిటి?

ఇక్కడ మనం పొట్టి టెలిఫోటోల అభిమానులతో గట్టిగా విభేదించాలి. ఈ లెన్సుల్లో వారు ఎక్కువగా మెచ్చుకునేది వెనక నేపథ్యం కరిగిపోవడాన్ని. ఆరడుగుల దూరంలో ఎఫ్/2.8 దగ్గర స్పష్టంగా ఉండే మేర అయిదు సెంటీమీటర్లు మాత్రమే. కన్ను స్పష్టంగా ఉంటే చెవి మసకబారుతుంది. వెనకున్న ఇల్లు రంగుల ముద్దగా మారిపోతుంది. పెళ్లి ఫొటోలో ఇది ముచ్చటగా ఉండవచ్చు. మార్లవాయి ఇంటి ముందు కూర్చున్న గోండు పెద్ద వెనక నుంచి మార్లవాయినే చెరిపేస్తే మిగిలేది ఏమిటి? తలపాగా, ముడతలు, ‘గిరిజన వృద్ధుడు’ అనే శీర్షిక.

మార్లవాయిని ఊరికే ప్రస్తావించలేదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగిన తరవాత, ఆ దశాబ్దంలో నిజాం రాజ్యంలో ఆదివాసుల స్థితిగతులను పరిశీలించిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ ఆ ఊరినే నివాసం చేసుకున్నారు. ఆయన తీసిన ఛాయాచిత్రాలు లండన్‌లోని సోయాస్ సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఇళ్లు, పనులు, పూజలు, పండుగలు ఆ సంపదలో ఉన్నాయి. శాస్త్రవేత్తగా ఆయన చూపుకు కూడా హద్దులున్నాయి, వాటిని వేరే చర్చించవచ్చు. కానీ ఇల్లు, వాకిలి, మనిషి కలిసి ఉన్న బొమ్మను ఎనభై ఏళ్ల తరవాత ఆ మనిషి మనవలు చూసి, ఇది ఫలానా వారి ఇల్లు అని గుర్తుపట్టే వీలుంది. మసక ముందు కూర్చున్న ముఖానికి ఆ వీలు ఉండదు.

కాబట్టి ఈ లెన్సును ఎఫ్/2.8 దగ్గర కాదు, ఎఫ్/5.6, ఎఫ్/8 దగ్గర అంచనా వేయాలి. ఎఫ్/5.6 దగ్గర ముక్కు నుంచి చెవి దాకా ముఖమంతా నిలుస్తుంది. ఎఫ్/8 దగ్గర కూడా వెనక గోడ పూర్తి స్పష్టతతో ఉండదు. అయినా అది గోడ అని, దాని మీద ముగ్గు ఉందని, తలుపు తెరిచి ఉందని తెలుస్తుంది. పొట్టి టెలిఫోటో సత్తా నాకు ఇక్కడే కనిపిస్తుంది, మనిషిని ముందుంచుతూనే ఊరిని వెనక నిలపడంలో. ఎక్కువ డబ్బు పోసి ఎఫ్/1.4 లెన్సు కొన్నవాడికి దాన్ని మూసి తీయాలంటే మనసొప్పదు, పెట్టిన డబ్బంతా ఆ మసకలోనే ఉంది కనుక. చవక లెన్సువాడికి ఆ బాధ లేదు.

గుస్సాడీ దగ్గర ఈ లెన్సు తడబడుతుందని కూడా చెప్పాలి. ఆ నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజు మార్లవాయివారే. ఒంటికి బూడిద, తలమీద నెమలి ఈకల పెద్ద కిరీటం, చేతిలో కర్ర. ఆరడుగుల నుంచి తీస్తే కిరీటం అంచులు తెగిపోతాయి. పన్నెండు అడుగులకు వెళితే కిరీటం పడుతుంది కానీ మధ్యలో జనం అడ్డొస్తారు. పైగా గుస్సాడీ ఒంటరి నృత్యం కాదు. దండారి బృందం, డప్పులు, ఆతిథ్యమిచ్చే ఊరు అన్నీ అందులో భాగం. అక్కడ 35 మి.మీ. లెన్సు పెట్టుకుని బృందంతో పాటు కదలడం మేలు.

వెండి తీగ దగ్గర

కరీంనగర్ వెండి తీగ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వెంట్రుకల్లాంటి తీగలను మెలిపెట్టి అల్లే ఆ పనిని ఫొటో తీయబోయేవారు సాధారణంగా వస్తువు మీదికి వంగిపోతారు. మీటరు దూరంలో ఆగిపోయే ఈ లెన్సుతో అది కుదరదు. ఫ్రేము వెడల్పులో సుమారు 30 సెంటీమీటర్ల మేర పడుతుంది, అంటే రెండు చేతులు, వాటి మధ్య పళ్లెం. తీగ మెలిక విడిగా కనిపించదు. వస్తువుల జాబితా తయారుచేసేవారికి అది లోపం. పని గురించి చెప్పదలిచినవారికి మాత్రం చేతులు ముఖ్యం, అవి పడ్డాయి. ఉషేగాంలో మైనపు తీగలు చుట్టి ఇత్తడి పోత పోసే ఓజల దగ్గరా ఇదే వర్తిస్తుంది. కొలిమి వెలుగులో మాత్రం ఎఫ్/2.8 వరకు తెరవక తప్పదు. షట్టరు సెకనులో 125వ వంతు కన్నా నెమ్మదిస్తే చేయి వణుకు బొమ్మలోకి వస్తుంది.

మీ చేతిలో ఉన్న కెమెరాతో

ఈ పాఠం చదివేవారిలో చాలామందికి ఈ లెన్సు దొరకకపోవచ్చు, అవసరమూ లేదు. పాతవి కొనేవారు ఒకటి గమనించాలి. చిన్న సెన్సరున్న డిజిటల్ కెమెరాకు దీన్ని తగిలిస్తే అది 150 మి.మీ. లెన్సులా చూస్తుంది. ఆరడుగుల మర్యాద తొమ్మిదడుగులవుతుంది, మాట కలపడం కష్టమవుతుంది. అటువంటి కెమెరాకు 70 మి.మీ. దగ్గరి లెన్సు సరైన జోడు. ప్రారంభ స్థాయి నికాన్ డిజిటల్ కెమెరాల్లో ఈ లెన్సుతో వెలుగు కొలమానం పనిచేయదు, చేత్తో సరిచూసుకోవాలి.

ఫోను మాత్రమే ఉన్నవారు ఈ అభ్యాసం చేయండి. ఇంట్లో పెద్దవారిని ఒకరిని వాకిట్లో కూర్చోబెట్టండి. ఒకటిన్నర అడుగుల నుంచి ఒక ఫొటో తీయండి. తరవాత ఆరడుగులు వెనక్కి వచ్చి మరొకటి తీసి, ముఖం అంతే సైజుకు వచ్చేలా కత్తిరించండి. రెండో బొమ్మలో నాణ్యత కాస్త తగ్గుతుంది, పర్‌స్పెక్టివ్ మాత్రం 100 మి.మీ. లెన్సు ఇచ్చేదే. నేపథ్యాన్ని మసకచేసే పోర్ట్రెయిట్ మోడ్‌ను ఆపేయండి. రెండింటినీ ఆ పెద్దవారికే చూపించి, ఏది తమలా ఉందో అడగండి. వారు చెప్పిన కారణాన్ని వారి మాటల్లోనే, వారి పేరుతో సహా, మీ అసైన్‌మెంటు పుస్తకంలో ఒక పేజీకి మించకుండా రాయండి.