వంత

మా ఊరి భజనగుడిలో నాకెవరూ పాట ఇవ్వలేదు. తాళాలిచ్చారు. పుంగనూరు రోడ్డు మీద బస్సు దిగి కొంచెం దూరం నడిస్తే మా పల్లె. శనివారం రాత్రి అన్నాలు తిన్నాక గుడి అరుగు మీద పదిమందో పన్నెండుమందో చేరేవాళ్ళు. ఒక హార్మోనియం పెట్టె, ఒక డోలక్, మిగతా అందరి చేతుల్లో తాళాలు. గొంతున్నవాడు పెట్టె దగ్గర. నాలాంటివాళ్ళు గోడ వారన కూర్చుని వంత పలకడం.

తాళాలు కొట్టడం చూసేవాళ్ళకు పనే కాదనిపిస్తుంది. రెండు కంచు బిళ్ళలు, మధ్యన గుబ్బ, గుబ్బకు రంధ్రం, అందులో దూర్చి ముడేసిన తాడు. మొదటిరోజు నేను బిళ్ళల అంచులు పట్టుకుని కొట్టాను. టక్కుమంది, అంతే. కంచును చేత్తో పట్టుకుంటే మోగదు. తాడును వేలికి రెండు చుట్లు చుట్టి బిళ్ళను వేలాడనివ్వాలి. రెండింటినీ నిండుగా అతికేట్టు కొట్టినా లాభం లేదు, మధ్యలో గాలి చిక్కుకుని మోత చచ్చిపోతుంది. ఒకదాని అంచు రెండోదానికి కాస్త పక్కగా తగలాలి. అప్పుడు మోత చివర సన్నగా సాగుతుంది, ఆ సాగుడు ఆరిపోకముందే తర్వాతి దెబ్బ పడాలి. ఇంతమాత్రానికి నాకు ఒక వానాకాలమంతా పట్టింది. తాడు నూలుదైతేనే మేలు, నైలాన్‌ది వేలు కోస్తుంది.

అది వచ్చాక పరుగు రోగం పట్టుకుంది. పాట ఊపందుకుంటే నా చేతులు పాటకన్నా ముందు పోయేవి. ఒక రాత్రి రామకీర్తన మాంచి జోరులో ఉండగా మా భజన గురువు తిత్తి ఊదే ఎడమ చెయ్యి తీసి నా తాళాల మీద అరచెయ్యి పెట్టాడు. పెట్టె ఉస్సుమని ఆగిపోయింది. అందరూ నా వైపే చూశారు.

“ఎవురితోరా పోటీ నాయనా? వాళ్ళు పలికింది ఇని కొట్టాల. నువ్వు కొట్టింది వాళ్ళు ఇనేదానికి కాదు.”

మళ్ళీ తిత్తి అందుకున్నాడు. ఆ రాత్రికి నేను తాళాలు ముట్టలేదు, అవమానంతో.

భాగవతంలో ప్రహ్లాదుడు చెప్పిన తొమ్మిది రకాల భక్తిలో మొదటిది శ్రవణం, తర్వాతే కీర్తనం. పురాణం చెప్పేవాళ్ళు ఈ వరుస గడగడా అప్పజెప్పి ముందుకు పోతారు. నేనూ ఎన్నోసార్లు విని వదిలేశాను. వరుసలో వినడం ముందెందుకు వచ్చిందో నాకు గోడ వారన కూర్చున్నాకే తెలిసింది. పెట్టె దగ్గరివాడు వినకపోయినా పాడగలడు, వంతవాడి వల్ల కాదు. ముందువాడు విడిచిన చోట అందుకోవాలి, వాడు ఈసారి పల్లవిని పైకి లాగితే తనూ లాగాలి, పక్కవాడు శ్రుతి దించితే దిగాలి. విడ్డూరమేమంటే పత్రికల భాషలో ‘వంత పాడటం’ తిట్టు. మంత్రికి వంత పాడాడని రాస్తాం, నేనూ రాశాను.

అసలు పాటల వరసలు బతికేది వినేవాళ్ళ దగ్గరే. అన్నమయ్య 32,000 సంకీర్తనలు చెప్పాడంటారు. తిరుమల గుడిలోని సంకీర్తన భాండారంలో దొరికిన రాగిరేకుల్లో ఉన్నవి అందులో సగానికన్నా తక్కువే. రేకుల మీద పాటకు రాగం పేరుంది, వరస లేదు. ఏ రాగమో తెలుసు, అన్నమయ్య దాన్నెలా నడిపించాడో తెలీదు. రాగి అంతకన్నా మొయ్యలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి లాంటి పెద్దలు ఇరవయ్యో శతాబ్దంలో కూర్చుని మళ్ళీ వరసలు కడితేనే ఆ పాటలు మన నోళ్ళకు వచ్చాయి.

మదనపల్లెలో దీనికి ఎదురు కథ ఒకటి జరిగింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడి బీసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చి ‘జనగణమన’ పాడి వినిపించాడు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతం తెలిసిన మనిషి, దాని వరసకు స్వరాలు రాసిపెట్టింది. ఆ పాటకు ఇంగ్లీషు అనువాదం ఠాగూర్ చేసిందీ ఇక్కడే. దేశం భాగ్యాన్ని దిద్దేవాణ్ణి పిలిచే పాట అది, ఒక లెక్కన అదీ ప్రార్థనే. ఇప్పుడది ఏ ఊళ్ళో పాడినా ఒకే తీరు. మా రామకీర్తన మాత్రం పుంగనూరులో ఒక వరస, పలమనేరు దాటితే ఇంకో వరస. మధ్యలో ఏదో సినిమా పాట వచ్చి హిట్టయితే మూడో వరస. సినిమా వరసలకు మా గురువు ముఖం చిట్లించేవాడు కానీ పెట్టె మీద మాత్రం వాయించేవాడు. కుర్రకారు రావాలంటే ఇదీ కావాల అనేవాడు. నాకు మాత్రం ఇప్పటికీ మింగుడు పడదు.

వంత గుళ్ళోనే కాదు, ఇళ్ళల్లోనూ ఉంది. గుర్రంకొండ పక్కన తరిగొండ ఉంది. చిన్నతనంలోనే భర్త పోయిన కవయిత్రి వెంగమాంబ ఆ ఊరి నరసింహస్వామిని నమ్ముకుని, తర్వాత తిరుమల చేరి, 1817లో కన్నుమూసేదాకా అక్కడే ఉండిపోయింది. ఈనాటికీ రాత్రి ఏకాంతసేవలో అన్నమయ్య వంశం తాళ్ళపాకవారి లాలి, ఆమె పేరు మీద ముత్యాల హారతి. మా వైపు ఆడవాళ్ళు మంగళహారతి అందుకునే తీరు చూస్తే నాకు ఆమె గుర్తొస్తుంది. పళ్ళెం పట్టిన ఆమె ఒక్కతే మొదలుపెడుతుంది, రెండో మాటకు వంటింట్లోంచి ఒక గొంతు, వసారాలోంచి ఇంకో గొంతు కలుస్తాయి. ఎవరూ ఎవర్నీ రమ్మనరు.

పండరి భజన సంగతి వేరు. కాళ్ళకు గజ్జెలు, అడుగులు, ఊళ్ళో నెలల తరబడి ఉండి నేర్పే గురువు. నాకు కాళ్ళూ సహకరించలేదు, దాని గురించి తెలిసినవాళ్ళు రాయాలి.

ఉద్యోగం మీద కుప్పంలో ఉన్న రోజుల్లో అక్కడి భజనకు పోయేవాణ్ణి. మూడు రాష్ట్రాలు కలిసే చోటు, ఒకే రాత్రిలో తెలుగు కీర్తన, పురందరదాసు కన్నడ పదం, ఒక తమిళ పాట నడిచేవి. అర్థం తెలియనివాళ్ళు కూడా పల్లవికి తడబడేవాళ్ళు కాదు. అక్కడే మొదటిసారి, తోటివాడి ఇంట్లో చావు జరిగితే, భజనకు కూర్చున్నాను. మా వైపు మనిషి పోతే రాత్రంతా శవం దగ్గర భజన చేస్తారు. పిలుపు ఉండదు, కబురు తెలిసినవాళ్ళు పెట్టె మోసుకుని వస్తారు. ఆ రాత్రి వీరబ్రహ్మంగారి తత్వాలు, చింతామణి దగ్గరి కైవారం నారేయణ తాత తత్వాలు. గాజులమ్ముకుని బతికిన ఆ తాత కర్ణాటకలో ఉండి తెలుగులో ఎన్నో పాడాడు, సరిహద్దు ఆయనకు పట్టలేదు.

తెల్లవారుజాము మూడైంది. ముందుపాట పాడేవాడి గొంతు పూర్తిగా పోయింది. చరణం అందుకోబోతే గాలి తప్ప మాట రాలేదు. వంతవాళ్ళం ఆపలేదు. పల్లవినే పట్టుకుని తిప్పుతూ ఉన్నాం. చరణం లేదు, ముందు నడిపేవాడు లేడు, పది నిమిషాలు అదే ఒక్క ముక్క. నా గొంతు ఎక్కడుందా అని ఒక క్షణం వెతుక్కున్నాను. దొరకలేదు. పక్కవాడిదీ విడిగా వినిపించలేదు. తాళాలు నా చేతుల్లోనే ఉన్నాయి, పరుగెత్తడం లేదు. అహంకారం కరగాలని ప్రవచనాల్లో గంటలు గంటలు విన్నాను. నాకు దొరికింది ఆ పది నిమిషాలే. తర్వాత ఎవరో టీ తెచ్చారు. గొంతు పోయినవాడు రెండు గ్లాసులు తాగి, మళ్ళీ చరణం ఎత్తుకున్నాడు.

ఇప్పుడు గుళ్ళో మైకు సెట్టు వచ్చింది. ముందువాడి ముందే మైకు, దానికి ఎకో. ఊరంతటికీ ఒక్క గొంతు వినిపిస్తుంది, గోడ వారన మేం పలికింది మా చెవికే అందదు. మైకు ఆపమని చెప్పి చూశాను, చందాలిచ్చినవాళ్ళకు కోపమొచ్చింది.

వచ్చే శనివారం పెరటాసి మొదటి శనివారం. నెల పేరు తమిళం, వీధిలో పిల్లలు చెంబుకు నామాలు పెట్టుకుని బియ్యానికి వచ్చి అరిచే గోవింద తెలుగు. ఇంటింటా తళిగలు, రాత్రి గుళ్ళో భజన. నా తాళాల తాడు ముడి దగ్గర నలిగిపోయింది, ఆలోగా కొత్తది వెయ్యాలి. నూలుది.