ఆర్సెనిక్ తప్పించిన జోస్యము

ఒక పరీక్ష జవాబు పత్రములు దిద్దుచుండగా జరిగిన సంగతి ఇది. ఫాస్ఫరస్ పెంటాక్లోరైడును ఏర్పరచును. అదే గ్రూపులోని బిస్మత్ క్లోరిన్‌తో అత్యధికముగా ఏ క్లోరైడు వరకు పోగలదని ప్రశ్న. మాకిచ్చిన సూచనల ప్రకారము పెంటాక్లోరైడు అన్నవారికి పూర్తి మార్కులు. ట్రైక్లోరైడు అని వ్రాసిన ఒక బాలునికి సున్న. నిజమునకు బిస్మత్ పెంటాక్లోరైడును ఇంతవరకు ఎవరును తయారుచేయలేదు! నేను అభ్యంతరము వ్రాసి పంపితిని, మార్కులు మారలేదు.

తప్పు ప్రశ్న వ్రాసినవారిది మాత్రమే కాదు. మన పాఠ్యపుస్తకములు పెక్కింటిలో ఈ అధ్యాయము నడచు తీరే అట్లున్నది. మెండలీవ్ కథతో మొదలిడుదురు. అది చెప్పదగిన కథయే. 1871లో ఆయన సిలికాన్ క్రింది ఖాళీ గడిలో ఉండవలసిన మూలకమునకు ఏకా సిలికాన్ అని పేరిడి, దాని టెట్రాక్లోరైడు 100 డిగ్రీల సెంటిగ్రేడుకు కొంచెము తక్కువలోనే మరుగునని చెప్పెను. 1886లో వింక్లర్ జర్మేనియంను కనుగొనెను. దాని టెట్రాక్లోరైడు 86 డిగ్రీల వద్ద మరిగినది. ఇది విన్న విద్యార్థి అబ్బురపడును. ఆ అబ్బురము తీరకముందే పుస్తకము, ఒక గ్రూపులోని మూలకములన్నియు ఒకే తీరు పదార్థముల నిచ్చునని శాసనమువలె చెప్పి అభ్యాసములకు దిగును.

జర్మేనియం పొరుగు గడిలోనే ఆర్సెనిక్ ఉన్నది. దాని పైనున్న ఫాస్ఫరస్‌కును, క్రిందనున్న ఆంటిమొనికిని పెంటాక్లోరైడులు చిరకాలముగా తెలిసినవే. నడుమ నున్న దానికి మాత్రము ఎందుకుండరాదు? ఈ తర్కము ఎంత సహజమో, ఆ పదార్థము అంత మొండికెత్తినది. తుదకు 1976లో జెప్పెల్ట్, ఆర్సెనిక్ ట్రైక్లోరైడును ద్రవ క్లోరిన్‌లో ఉంచి, సున్నకు దిగువ 105 డిగ్రీల చలిలో అతినీలలోహిత కిరణములను ప్రసరింపజేసి దానిని సాధించెను. చలి సున్నకు దిగువ 50 డిగ్రీల ప్రాంతమునకు తగ్గినచో అది విడిపోవును.

కారణము ఆ వరుసలోనే ఉన్నది. ఆర్సెనిక్‌కు ముందు పది d ఎలక్ట్రాన్లు నిండియుండును. అవి కేంద్రకపు ఆకర్షణను బాగుగా అడ్డుకొనలేవు. అందుచే బయటి s జంట బిగిసియుండి, బంధములకు సులభముగా రాదు. బిస్మత్‌లో ఈ బిగువు ఇంకను హెచ్చు. దానినే జడజంట ప్రభావమందురు. అట్లని బిస్మత్‌కు అయిదు సంయోజకత బొత్తిగా లేదనుటయు పొరపాటే, పెంటాఫ్లోరైడు కలదు. ఫ్లోరిన్ లాగగలిగినంత దూరము క్లోరిన్ లాగలేదు.

అదే వరుసలోని బ్రోమిన్ సంగతి మరియొక తీరు. పెర్‌క్లోరేటులు, పెర్‌అయొడేటులు ఉండగా పెర్‌బ్రోమేటు దొరకలేదు. అది ఎందుకు ఉండజాలదో వివరించు సిద్ధాంతములును వెలువడినవి. (లేనిదానికి కారణము చెప్పుట మనకు సులువు!) 1968లో ఆపెల్‌మాన్ దానిని తయారుచేసెను. దాని లవణములు సాధారణ ఉష్ణోగ్రతలో చక్కగా నిలుచును.

కనుక ఈ అభ్యాసమును పుస్తకమునుండి తొలగింపుమని నేననుట లేదు. ఫాస్ఫరస్, ఆర్సెనిక్, ఆంటిమొని, బిస్మత్‌ల క్లోరైడులను వరుసగా ముందుంచి, క్రమము ఎక్కడ తప్పినదో, ఎందుకు తప్పినదో అడుగవచ్చును. అప్పుడు ఆ బాలుడు తన ట్రైక్లోరైడుకు కారణము కూడ వ్రాసి చూపగలడు.