సైనికసాంకేతిక నవల: సంభావ్యత, నిర్వహణము

యుద్ధయంత్రముల నిర్మాణమును, అవి పనిచేయు తీరును సవిస్తరముగ వర్ణించుచు, ఇంకను జరుగని యుద్ధమునో, జరుగబోయి తప్పిపోయిన యుద్ధమునో కథావస్తువుగ గ్రహించు నవలాశాఖ యొకటి ఆంగ్లభాషలో కలదు. దీనిని వారు మిలిటరీ టెక్నో థ్రిల్లర్ అని వ్యవహరింతురు. ఈ వ్యాసమున మేము దీనిని సైనికసాంకేతిక నవల యని పేర్కొందుము. దీనికి పాఠకులు లెక్కకు మిక్కిలిగ నున్నను, వినోదమాత్రప్రయోజన మను భావముచే విమర్శకులు దీనిని తరచు ఉపేక్షించుచు వచ్చిరి. కావున దీని గుణదోషములను గూర్చిన చర్చ ఎక్కువగ పాఠకుల నోటనే జరిగినది.

ఆ చర్చలో మాటిమాటికి వినవచ్చు ఆక్షేపణలు రెండు. ఇట్టిది లోకమున జరుగ నేరదనునది మొదటిది. కథ యంతయు చక్కగ నడచినది గాని ముగింపు తొందరపాటుగ నున్నదనునది రెండవది. మొదటిది వస్తువునకు సంబంధించినదనియు, రెండవది శిల్పమునకు సంబంధించినదనియు సామాన్యముగ తలంతురు. ఈ శాఖలోని ముఖ్యరచనలను పరిశీలించినచో, ఈ రెండు ఆక్షేపణలును ఒకే కారణమునుండి పుట్టినవని తోచును. ఆ కారణ మేమో నిరూపించుటయే ఈ వ్యాసమున మా ప్రయత్నము.

ముందుగ సంభావ్యత యన నేమో నిర్ణయించుకొనవలెను. కావ్యమున నమ్మదగిన అసంభవమే నమ్మరాని సంభవముకంటె మేలని అరిస్టాటిల్ అభిప్రాయము. ఔచిత్యభంగమే రసభంగమునకు మూలమని ఆనందవర్ధనుని సిద్ధాంతము. ఈ యిరువురును కావ్యసత్యమును లోకమునందలి సంఘటనలతో సరిపోల్చి కొలువలేదు. కావ్యాంతర్గతమైన పొందికచే కొలిచిరి. ఇక ముగింపు విషయమున మన లాక్షణికులు చెప్పిన పంచసంధులు మిక్కిలి ఉపకరించును. ముఖసంధి మొదలుకొని అచ్చటచ్చట చల్లబడిన బీజార్థములు ఏకప్రయోజనమునకై కూడుటయే నిర్వహణసంధి. ఆ నిర్వహణమున అద్భుతరస ముండవలెనని భరతుడు విధించినాడు. కావున ముగింపు ఆశ్చర్యకరముగ నుండుట దోషము కాదు. బీజము లేని ఆశ్చర్యమే దోషము. ఈ కొలతబద్దతో పై నవలలను చూతము.

ఈ శాఖకు పూర్వరూపముగ జార్జి చెస్నీ రచించిన 'బ్యాటిల్ ఆఫ్ డార్కింగ్' అను కథను పేర్కొనుట వాడుక. ఇది 1871 మే నెలలో బ్లాక్‌వుడ్స్ పత్రికలో రచయిత పేరు లేకయే వెలువడినది. చెస్నీ బెంగాలు ఇంజనీర్ల దళమునకు చెందినవాడు. 1857 లో ఢిల్లీ ముట్టడిలో గాయపడినవాడు. ఫ్రాన్సుపై ప్రష్యా సాధించిన విజయమును చూచి, అట్టి సైన్యము ఇంగ్లండుపై దిగినచో ఏమగునో ఆయన ఊహించెను. ఆంగ్లనౌకాదళమును ముంచివేసిన శత్రుయంత్రము లెట్టివో కథకుడు వివరింపనే లేదు. ఒకటి రెండు వాక్యములలో దాటిపోయెను. ఐనను దేశ మంతయు కలవరపడెను. నాటి ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ అదే సంవత్సరము సెప్టెంబరులో విట్బీ పట్టణమున ఉపన్యసించుచు ఇట్టి భయోత్పాదనమును ఖండింపవలసి వచ్చినది. ఇతర రచయితలు ఆంగ్లేయులే గెలిచినట్లు ముగింపును మార్చి ప్రతికథలు వ్రాసిరి.

యంత్రవివరణము లేకయే ఇంతటి నమ్మక మెట్లు కలిగినది? ఓడిపోయిన తరమునకు చెందిన వృద్ధు డొకడు ఏబది సంవత్సరముల పిదప మనుమలకు ఈ కథ చెప్పుచున్నట్లు రచయిత కూర్చెను. ఓటమి మొదటి పుటయందే తెలిసిపోవును. నిర్లక్ష్యము, సిద్ధము కాని సైన్యము, ఆలస్యముగ కలిగిన మెలకువ అను బీజము లన్నియు ఆ ముగింపువైపునకే నడచును. ప్రతికథలు వ్రాసినవారు మార్చగోరినది యంత్రమును కాదు, ముగింపును. ఏలనన, ముగింపే ఆ కథలోని వాదము.

ఇక ఈ శాఖకు నేటి రూపమును, ప్రసిద్ధిని తెచ్చిన నవల టామ్ క్లాన్సీ రచించిన 'ది హంట్ ఫర్ రెడ్ అక్టోబర్'. దీనిని 1984 లో అమెరికాలోని నేవల్ ఇన్‌స్టిట్యూట్ ప్రెస్ ప్రచురించినది. ఆ సంస్థ ప్రచురించిన మొదటి స్వతంత్రనవల ఇదియే. క్లాన్సీ నౌకాదళమున పనిచేసినవాడు కాడు, బీమా వ్యాపారి. సోవియట్ జలాంతర్గామి నొకదానిని దాని నాయకుడు మార్కో రామియస్ అమెరికాకు అప్పగింప బూనుట ఇందలి కథ. ఇది నిజముగ జరిగిన కథయే యని వాదించు పాఠకులు కలరు. ఆధారము లేకపోలేదు. 1975 నవంబరులో స్తొరొజెవోయ్ అను సోవియట్ యుద్ధనౌకపై వలేరి సాబ్లిన్ అను రాజకీయాధికారి తిరుగుబాటు జరిపెను. కాని సాబ్లిన్ ఉద్దేశము పాశ్చాత్యదేశములకు పారిపోవుట కాదు. లెనిన్‌గ్రాడు చేరి ప్రజల నుద్దేశించి ప్రసంగించుట. లెనిన్ ఆశయములనుండి ప్రభుత్వము తొలగిపోయినదని ఆతని ఆరోపణ. ప్రభుత్వము ఆతనికి 1976 లో మరణశిక్ష విధించినది. కనుక చరిత్ర ఈ నవలకు ప్రేరణమైనదే గాని ప్రమాణము కాదు.

ఈ నవల నమ్మదగినదగుటకు హేతువు వేరు. మత్తులో నున్న వైద్యుని చేతిలో రామియస్ భార్య మరణించినది. ఆ వైద్యుడు పార్టీలోని పలుకుబడిచే శిక్షనుండి తప్పించుకొన్నాడు. ఈ దుఃఖమే బీజము. నావ సముద్రము దాటుటకు ముందే పాఠకుడు ఆతని నిర్ణయమును గ్రహించియున్నాడు. ధ్వనిని పట్టి నావను గుర్తించు సోనార్ పద్ధతులను గూర్చిన వర్ణనలన్నియు ఆ నిర్ణయ మెట్లు నెరవేరునను ప్రశ్నకు లోబడియే యున్నవి. కావుననే ఇందలి నిర్వహణమును గూర్చి పాఠకుల ఆక్షేపణ స్వల్పము.

క్లాన్సీ, లారీ బాండ్ కలిసి కల్పించి 1986 లో వెలువరించిన 'రెడ్ స్టార్మ్ రైజింగ్' విషయ మట్లు కాదు. నిజ్నెవార్తోవ్‌స్క్‌లోని సోవియట్ చమురుశుద్ధి కర్మాగారము విధ్వంసమగును. చమురు కొరతను తీర్చుకొనుటకు పారసీకసింధుశాఖపై కన్ను వేసిన సోవియట్ నాయకులు, దానికి ముందు నాటో కూటమిని నిర్వీర్యము చేయ దలంతురు. బాండ్ రూపొందించిన హార్పూన్ అను నౌకాయుద్ధక్రీడ సాయముతో రచయితలు ఇందలి సముద్రయుద్ధమును బల్లపై ఆడి పరీక్షించిరి. అట్లాంటిక్ సముద్రమున విమానవాహకనౌకలపై సోవియట్ విమానములు క్షిపణులతో చేసిన దాడిని వర్ణించు అధ్యాయమును పాఠకులు నేటికిని మెచ్చుకొందురు.

ఈ నవలలో రాడార్‌కు చిక్కని ఎఫ్-19 అను విమాన మొకటి కలదు. అట్టి పేరు గల విమాన మెన్నడును లేదు. 1988 నవంబరులో అమెరికా ప్రభుత్వము బయటపెట్టిన నిజమైన విమానము ఎఫ్-117. దాని యాకారమును, పనియు వేరు. ఐనను ఆ వ్యత్యాసమువలన ఈ నవలకు నష్టము కలిగినట్లు కానరాదు. యంత్రవిషయమున పొరపాటును క్షమించిన పాఠకుడే ముగింపును క్షమింపడు. ఇది గమనింపదగిన విషయము.

ఆ ముగింపు ఎట్టిది? అణ్వాయుధములను ప్రయోగింప నెంచిన పొలిట్‌బ్యూరోను సేనాని అలెక్సియేవ్, మంత్రి సెర్గెతోవ్ మొదలగువారు కూలద్రోసి యుద్ధమును విరమింతురు. దీనికి బీజము లేదనుట న్యాయము కాదు. సెర్గెతోవ్ చమురు వ్యవహారములను చూచు మంత్రి; మొదటి అధ్యాయములలోనే పొలిట్‌బ్యూరో సభలో ఆతని అసమ్మతి పాఠకునకు తెలియును. అలెక్సియేవ్ కథ పొడవునను కనిపించును. కాని వందలకొలది పుటలు ఆయుధముల గతులకు కేటాయింపబడగా, జీవితమంతయు ఆజ్ఞాపాలనమున గడపిన సేనాని తన ప్రభుత్వముపైననే తిరుగుబాటు చేయు క్షణమునకు లభించిన చోటు మిక్కిలి కొంచెము. మన పరిభాషలో చెప్పవలెనన్న, బీజ మున్నది, నిర్వహణ మున్నది, నడుమ విమర్శసంధి కొరవడినది.

ఇచ్చట మా సిద్ధాంతము స్పష్టమగును. సంభావ్యత రెండు విధములు. యంత్ర మిట్లు పనిచేయునను నమ్మకము యంత్రసంభావ్యత. మనుష్యు డిట్లు నిర్ణయించునను నమ్మకము నిర్ణయసంభావ్యత. సైనికసాంకేతిక నవలాకర్త మొదటి దానిని అడుగడుగునను నిరూపించును. ప్రతి ఫలితమునకును కారణ మడుగుట పాఠకునకు ఆతడే నేర్పును. కాని యుద్ధము ముగియుట యంత్రముచే గాదు, మనుష్యనిర్ణయముచేతనే. క్షిపణిదాడిని బల్లపై ఆడి చూడవచ్చును గాని సేనాని మనస్సు నట్లు చూడ వీలులేదు. కారణ మడుగ నేర్చిన పాఠకుడు చివరకు వచ్చి కారణ మడుగగా, రచయిత చేతిలో దానికి తగిన సమాధాన ముండదు. దానినే కొందరు అసంభవ మందురు. కొందరు తొందరపాటు ముగింపందురు.

బ్రిటిషు సేనాని జాన్ హ్యాకెట్ కొందరి సహాయముతో 1978 లో ప్రకటించిన 'ది థర్డ్ వరల్డ్ వార్: ఆగస్టు 1985' ఈ సిద్ధాంతమును బలపరచును. భావియుద్ధమునకు చరిత్రగ్రంథము వ్రాసినట్లుగ దీనిని నడపిరి. సేనావ్యూహములను గూర్చి ఆయన మాటను కాదను పాఠకు లరుదు. కాని సోవియట్ క్షిపణిచే బర్మింగ్‌హామ్ నగరము, ప్రతిక్రియగ మిన్‌స్క్ నగరము నశించుటయు, అణుయుద్ధ మంతటితో ఆగి సోవియట్ రాజ్యము లోపలినుండి విచ్ఛిన్నమగుటయు పలువురకు నమ్మశక్యము కాలేదు. ఒక నగరమునకు ఒక నగరమని లెక్క సరిచూచుకొని ఇరుపక్షములును ఆగునని ఎట్లు నమ్ముట? ఆ రెండు నిర్ణయములు చేసినవారి మనస్సులు గ్రంథమున మనకు కనబడవు. చరిత్రరచనాశైలి ఆ లోపమును కొంత మరుగుపరచినను పూరింపలేకపోయినది.

దీనికి విరుద్ధమైన ఉదాహరణము యూజీన్ బర్డిక్, హార్వే వీలర్ కలిసి 1962 లో ప్రకటించిన 'ఫెయిల్ సేఫ్'. యంత్రలోపమువలన అమెరికా బాంబరు విమానములు మాస్కోను నాశనము చేయును. విశ్వయుద్ధమును నివారించుటకై అమెరికా అధ్యక్షుడు తన న్యూయార్కు నగరముపై తానే బాంబు వేయింప నాజ్ఞాపించును. ఇట్టి యంత్రలోపము సంభవింప దని తత్త్వశాస్త్రజ్ఞుడు సిడ్నీ హుక్ 1963 లో ప్రత్యేకముగ ఒక చిన్న గ్రంథమునే వ్రాసి ఈ నవలను ఖండించెను. ఆయన ఆక్షేపణ మంతయు సత్యమే యనుకొందము. అప్పుడును న్యూయార్కు ఘట్టము పాఠకుని కదలించుట మానదు. బాంబు వేయవలసిన సేనాని బ్లాక్ భార్యాబిడ్డలు ఆ నగరముననే యున్నారు; అధ్యక్షుని భార్యయు అచ్చటనే యున్నది. బ్లాక్‌ను ఒక స్వప్నము వెంటాడుచుండును. ఆ స్వప్నార్థము చివర తేటపడును. యంత్రసంభావ్యత సందిగ్ధమైనను నిర్ణయసంభావ్యత నిలిచినచో ముగింపు నిలుచు ననుటకు ఇది నిదర్శనము.

ఇచ్చట ఒక పూర్వపక్షము కలదు. క్లాన్సీ 1994 లో రచించిన 'డెట్ ఆఫ్ ఆనర్' చివర ప్రయాణికుల విమానమును నడపు పైలట్ ఒకడు దానిని అమెరికా కాంగ్రెసు భవనముపై కూల్చును. దీనిని అతిశయోక్తిగ భావించినవారికి 2001 సెప్టెంబరు 11 నాటి దాడులే సమాధానమనియు, అట్లే 1991 లో సోవియట్ రాజ్యము విచ్ఛిన్నమగుట హ్యాకెట్ ఊహను నిజము చేసినదనియు కొందరు వాదింతురు. ఈ వాదము మాకు సమ్మతము కాదు. సోవియట్ రాజ్యము విచ్ఛిన్నమైనది యుద్ధమువలన కాదు, అణ్వస్త్రమువలన కాదు. ఫలిత మొక్కటియైనను కారణములు వేరైనప్పుడు ఊహ నిజమైనదనుట యెట్లు? ఇక విమానఘట్టమును సమర్థింపవలెనన్న 2001 వరకు పోవలసిన పని లేదు. ఆ పైలట్ సాటో యుద్ధమున సోదరుని, కుమారుని కోల్పోయినవాడు. ఆ దుఃఖము చాలినంతగ చిత్రింపబడినదా లేదా యనునదే ప్రశ్న. చాలినదన్న ముగింపు 1994 లోనే సంభావ్యము. చాలలేదన్న తరువాతి ఏ సంఘటనయు దానిని సంభావ్యము చేయజాలదు. జోస్యము ఫలించుట వేరు, కావ్యము ఫలించుట వేరు.

యుద్ధకథ ఎచ్చట ముగియవలెనను ప్రశ్నకు మన సాహిత్యమున గొప్ప సమాధాన మొకటి కలదు. దుర్యోధనుడు పడినంత మాత్రమున భారతము ముగియలేదు. సౌప్తికపర్వమున నిద్రించువారి వధయు, స్త్రీపర్వమున రణభూమిలో స్త్రీల విలాపమును, శాంతిపర్వమున గెలిచినవాని నిర్వేదమును వచ్చినవి. విరాటపర్వము మొదలు తెనిగించిన తిక్కన వీనిలో దేనిని విడువలేదు. గెలుపునకు వెల యెంతయో తెలిసిన పిమ్మటనే యుద్ధకథ ముగిసినట్లగును. నవలాకర్త లందరును శాంతిపర్వమును వ్రాయవలెనని మా భావము కాదు. నాశమైన నగరము తరువాతి పుటలో మరువబడినచో, ఆ నాశము జరిగినదని పాఠకుడు నమ్మడని మాత్రమే చెప్పుచున్నాము. డార్కింగ్ కథలోని వృద్ధుని స్వరమున ఆ వెల వినబడును. తరువాతి కాలపు బృహన్నవలలు పలుమారులు దానిని కొద్ది మాటలతో సరిపుచ్చినవి.

ఇది కేవలము శిల్పచర్చ కాదు. యుద్ధ మిట్లు నడచును, ఇట్లు ముగియునను అభిప్రాయమును ఈ నవలలు అసంఖ్యాకులైన పాఠకుల మనస్సులలో నాటుచున్నవి. యంత్రములను గూర్చిన నిరూపణము మెండుగ నుండి నిర్ణయములను గూర్చిన నిరూపణము కొరవడినచో, ఆయుధము సమర్థమైనది కావున యుద్ధమును సమర్థముగ ముగియునను భ్రమ కలుగును. ముగింపు నచ్చలేదను పాఠకుడు, తెలిసియో తెలియకయో, ఆ భ్రమ నంగీకరింపకున్నాడు. ఆతని అసంతృప్తిని అల్పమని త్రోసిపుచ్చరాదు. ఈ శాఖపై పరిశోధన చేయువారు ఈ యంత్ర మిట్లు పనిచేయునా యను ప్రశ్నను ఇంజనీర్లకు విడిచి, ఈ మనుష్యు డిట్లు నిర్ణయించునా, ఆ నిర్ణయమునకు బీజ మెచ్చట నున్నదను ప్రశ్నను తాము గ్రహింతురుగాక. సాహిత్యవిమర్శకుని అధికారము ఆ రెండవ ప్రశ్నయందే కలదు.