హీటరు కొనే ముందు కప్పు చూడండి

కార్తీకం దాటిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. లంబసింగిలో, చింతపల్లిలో, అరకు చుట్టుపక్కల అతిథుల కోసం చిన్న చిన్న చెక్క గదులు కట్టుకున్నవాళ్లు చేస్తారు. కరెంటు పనిలోనే జీవితం గడిపినవాణ్ని కాబట్టి అందరూ అడిగేది ఒకటే: ఏ హీటరు కొనాలి, ఎన్ని వాట్లది? జవాబు చెప్పే ముందు నేను మూడు విషయాలు అడుగుతాను. కప్పు దేనితో వేశారు? రాత్రిపూట వోల్టేజి ఎంత ఉంటుంది? గదిలో బొగ్గులు గానీ గ్యాసు గానీ వెలిగిస్తున్నారా? కంపెనీ, మోడలు, ధర ఇవన్నీ ఆ తర్వాతే.

లంబసింగి సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో అక్కడ పది డిగ్రీల లోపు చలి మామూలే. ఆ ప్రాంతపు పాత ఇళ్లకు మందపాటి మట్టిగోడలుంటాయి. చెరువులవేనం కొండ మీద నుంచి మబ్బులు చూడ్డానికి వచ్చే జనం పెరిగాక లేచిన గదులు వేరు. ప్లైవుడ్ గోడలు, పైన రేకు, పెద్ద కిటికీ. ఫొటోలో ముచ్చటగా ఉంటాయి గానీ చలిని ఆపేది వాటిలో ఏదీ లేదు.

చింతపల్లి వైపు ఒక స్కూలు మాస్టారు తన పెరట్లో అలాంటి గది కట్టారు. ఆ మధ్య ఒక చలి రాత్రి ఆ గదిలోనే పడుకున్నాను. మంచం పక్కన వెయ్యి వాట్ల రాడ్ హీటరు ఎర్రగా వెలుగుతోంది. కాళ్ల వైపు చుర్రుమంటోంది, వీపు వైపు వణుకు. తెల్లారగట్ల రగ్గు మీద టప్పున ఏదో పడింది. టార్చి వేసి చూస్తే రేకు లోపలి వైపంతా నీటి బొట్లు. నా ఊపిరిలోని తేమే చల్లటి రేకుకు తగిలి నీరై కారుతోంది. పొద్దున్నే మాస్టారు వచ్చి, "ఇది సరిపోవట్లేదు సార్, రెండు వేల వాట్లది తెచ్చేయమంటారా?" అన్నారు. "ముందు నిచ్చెన తెప్పించండి మాస్టారూ," అన్నాను.

లెక్క చాలా సులువు. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు ఉన్న గదిలో గాలి బరువు ఆ ఎత్తులో పాతిక కిలోలు ఉంటుంది. దాన్ని పది డిగ్రీలు వేడెక్కించడానికి యూనిట్‌లో పదో వంతు కరెంటు కూడా అక్కర్లేదు. వెయ్యి వాట్ల హీటరుకు అది అయిదు నిమిషాల పని. మరి రాత్రంతా వెలిగినా గది ఎందుకు వేడెక్కదు? వచ్చిన వేడి వచ్చినట్టే బయటికి పోతోంది కాబట్టి. లోపలికీ బయటికీ పది డిగ్రీల తేడా ఉంటే వంద చదరపు అడుగుల ఒంటి రేకు గుండానే 600 వాట్లకు పైగా వేడి పోతుంది. చిల్లికుండలో నీళ్లు పోస్తూ ఇంకా పెద్ద చెంబు కావాలనడం లాంటిది, పెద్ద హీటరు కొనడం.

మాస్టారి గదికి రేకు కింద రెండంగుళాల థర్మోకోల్ పరిచి, దాని కింద జిప్సం బోర్డుతో ఫాల్స్ సీలింగ్ వేయించాం. థర్మోకోల్ త్వరగా అంటుకుంటుంది కాబట్టి దాన్ని బయటికి కనిపించేలా వదలకూడదు, బోర్డు తప్పనిసరి. అంత మందం సందు లేకుండా పరిస్తే కప్పు నుంచి పోయే వేడి పదో వంతుకు దిగుతుంది. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ, కిటికీకి మందపాటి పరదా, నేల మీద చాప వేశాం. అయితే గాలి ఆడేందుకు పైన ఒక చిన్న కన్నం మాత్రం ఉంచాలి. మనుషులు పడుకునే గదిని డబ్బాలా మూసేయకూడదు. ఆ తర్వాత ఆ వెయ్యి వాట్లే ఆ గదికి సరిపోయాయి. ఊపిరి తేమ ఇప్పుడు చల్లటి రేకును తాకడం లేదు కాబట్టి బొట్లు కారడమూ ఆగింది.

ఇక హీటర్ల సంగతి. కరెంటుతో నడిచే మామూలు హీటరు ఏదైనా సరే, ఒక యూనిట్ కరెంటుకు ఇచ్చే వేడి ఒకటే. ఫలానాది తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి ఇస్తుందని షాపువాళ్లు చెబితే నమ్మకండి. తేడా అంతా ఆ వేడి ఎలా వస్తుందన్నదాంట్లో ఉంది. రాడ్ హీటరు ఎదురుగా ఉన్న మనిషికి వెంటనే తగులుతుంది. కూర్చుని చదువుకునేవాళ్లకు మంచిదే గానీ, రగ్గులూ దుప్పట్లూ జారిపడే మంచం పక్కన అది వద్దు. ఫ్యాన్ హీటరు గాలిని గబగబా వేడి చేస్తుంది, కట్టేయగానే చల్లారిపోతుంది, చప్పుడు కూడా ఎక్కువ. ఆయిల్ హీటరు వేడెక్కడానికి అరగంట పట్టొచ్చు. కానీ చప్పుడు చేయదు, ఎర్రగా కాలే తీగ బయటికి ఉండదు, థర్మోస్టాట్ ఉంటుంది, కట్టేసినా కాసేపు వెచ్చదనం నిలుస్తుంది. అందులోని నూనె ఇంధనంలా మండి ఖర్చయ్యేది కాదు, మళ్లీ నింపాల్సిందీ కాదు. రాత్రంతా నిద్రపోయే గదికి నా ఓటు దానికే. దాన్ని మంచానికి మూడడుగుల దూరంలో పెట్టి, మీద తడి బట్టలు ఆరేయకుండా వాడుకుంటే చాలు.

కొండల్లో ఇంకో చిక్కు లో వోల్టేజి. హీటరు మీద రాసిన వాట్లు 230 వోల్టులకు. వోల్టేజి 180కి పడితే రెండు వేల వాట్ల హీటరు ఇచ్చేది సుమారు 1,200 వాట్లే. నిండు వోల్టేజిలో రెండు వేల వాట్లంటే దాదాపు 8.7 ఆంపియర్లు. మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గూ, దానికి తగిలించిన ఎక్స్‌టెన్షన్ బాక్సూ అంత భారం మోయలేవు. నేను చూసిన నల్లబడిన ప్లగ్గుల్లో చాలావాటికి కారణం ఇదే. విడిగా లాగిన మందపాటి రాగి వైరు, 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు, సరైన ఎర్తింగ్, భారం ఎక్కువైతే కరెంటు ఆపే ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపే ఆర్‌సీసీబీ లేకుండా చెక్క గదిలో హీటరు పెట్టొద్దు. చెక్కలోంచి వెళ్లే వైరు వేడెక్కితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది మూడో ప్రశ్న గురించి. ఆరుబయట నెగడు వేసుకుని చలి కాచుకోవడం హాయి. మిగిలిన నిప్పులను ఇనప బాణలిలో ఎత్తి గదిలోకి తెచ్చి తలుపేసుకోవడం మాత్రం ప్రాణాంతకం. పొగ లేకుండా కణకణలాడే బొగ్గులు చూసి ప్రమాదం లేదనుకుంటారు. కానీ వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి. నిద్రలో ఉన్నవాళ్లకు అవి తెలియను కూడా తెలియవు. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో కేరళ నుంచి వెళ్లిన ఎనిమిది మంది మూసిన గదిలో గ్యాస్ హీటరు పెట్టుకుని పడుకుని ప్రాణాలు కోల్పోయారు. వారిలో నలుగురు పిల్లలు. పైగా కిలో గ్యాసు మండితే కిలోన్నర పైచిలుకు నీరు ఆవిరై గదిలోనే చేరుతుంది కాబట్టి చెమ్మకూ అది మందు కాదు. పడుకునే గదిలో మండేది ఏదీ ఉండకూడదు. ఈ ఒక్క మాటలో నేను ఎవరికీ సడలింపు ఇవ్వను.

గది అద్దెకిచ్చేవాళ్లకు నాదొక విన్నపం. చేతిలో ఉన్న డబ్బు పరిమితమే అయితే మొదటి రూపాయి కప్పుకు, రెండోది వైరింగుకు, మూడోది మంచి రగ్గులకు పెట్టండి. మిగిలినదాంతో వెయ్యి, పదిహేను వందల వాట్ల ఆయిల్ హీటరు కొనండి. వీలైతే ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా బిగించండి. గదిలోకి నిప్పులు తేవద్దని తలుపు మీద పెద్ద అక్షరాలతో రాయండి, తాళంచెవి ఇచ్చేటప్పుడు నోటితోనూ చెప్పండి. అతిథులు కూడా గది చూడ్డానికి వెళ్లినప్పుడు కిటికీలోంచి కొండలు చూసినట్టే, ఒకసారి తలెత్తి కప్పు కూడా చూడాలి. బయట కనిపించే అందానికి ఇచ్చే డబ్బే రాత్రి క్షేమానికీ ఇస్తున్నామని ఇద్దరూ గుర్తిస్తే మన కొండల్లో గదులు కట్టే పద్ధతే మారుతుంది.