స్పానిషు చిత్రములు: ఇద్దరు ఉపాధ్యాయులు

హైదరాబాదునందలి ఇంగ్లీషు, విదేశీభాషల విశ్వవిద్యాలయమున స్పానిషు నేర్పబడుచున్నది. ఇట్టి విద్యాలయములలో భాషతోపాటు ఆ భాషలోని చలనచిత్రములను వరుసగా చూపుట మంచి పద్ధతియే. కాని స్పెయినుదేశపు చిత్రములను, ఆ దేశ మొకప్పుడు జయించి యేలిన మెక్సికో, పెరూ, అర్జెంటీనాల చిత్రములను ఒకే గంపలో నెత్తుట మాకు సరిపడదు. భాష యొక్కటియే కావచ్చును. ఏలినవాని జ్ఞాపకమును, నలిగినవాని జ్ఞాపకమును ఒక్కటి కావు. అయినను ఉభయులును తమ సైన్యముచేతనే బాధపడిన కాలము కలదు. ఆ కాలమునకు సంబంధించిన రెండు చిత్రములను, స్పానిషు చదువుకొన్న మా పూర్వవిద్యార్థి యొకడు మెదకులో మా యింట చూపెను. తెరక్రింది ఇంగ్లీషు అక్షరములను మేము తెనుగున జెప్పుచుండగా ఇంటివారందఱును చూచిరి.

1999లో హోసె లూయీస్ కువెర్దా తీసిన 'సీతాకోకచిలుకల నాలుక' గలీసియా ప్రాంతపు కథ. డాన్ గ్రెగోరియో యను వృద్ధోపాధ్యాయుడు పిల్లలను కొట్టడు; పొలముల వెంట త్రిప్పి పురుగులను, పక్షులను చూపును. చిత్రకర్త ఈ దృశ్యములకు తేనె కొంచె మెక్కువ పూసినాడు. తుదిదృశ్యము ఆ లోపమును తీర్చును. 1936లో సైన్యము తిరుగబడగనే రిపబ్లికు పక్షమువారిని బంధించి లారీ కెక్కింతురు. వారిలో గురువును గలడు. అతనికి ప్రేమతో సూటు కుట్టియిచ్చిన దర్జీయే, భార్య బలవంతముచే, ప్రాణభీతితో అతనిని తిట్టును. దర్జీ కుమారుడు మోంచో లారీవెంట పరుగెత్తి రాళ్లు రువ్వును. పెద్దల తిట్లు అయిపోగా, గురువు నేర్పిన పక్షిపేరును, సీతాకోకచిలుక నాలుకకు గల పేరును కేకలు వేయును. అది తిట్టా, గురుదక్షిణయా? చిత్రకర్త చెప్పడు. మా యింట ఈ విషయమున రాత్రి చాలసేపు వాదము జరిగెను.

లూయీస్ పువెన్సో 1985లో తీసిన అర్జెంటీనా చిత్రమునకు 'ప్రభుత్వము చెప్పిన కథ' యని పేరు పెట్టవచ్చును. మఱుసటి యేట దానికి ఆస్కారు లభించెను. 1976 నుండి 1983 వఱకు సాగిన సైనికపాలనలో వేలకొలది జనులు మాయమైరి. చెఱలో పుట్టిన శిశువులను పాలకుల హితులు పెంచుకొనిరి. కథానాయిక అలీసియా చరిత్ర బోధించును. ఈ చరిత్రను వ్రాసినవారు హంతకులని విద్యార్థి యనగా ఆమె కోపించును. తాను పెంచుకొన్న బిడ్డ యెవ్వరిదో యను సందేహము తనయింటనే మొలచినపుడు పుస్తకమున జవాబు దొరకదు. భర్త ఆమె వ్రేళ్లను తలుపుసందున నలిపినపుడు మా గృహిణి కన్నులు మూసికొనెను.

మేమును అలీసియా వృత్తివారమే. కొన్నేండ్లక్రింద ఒక బాలుడు తమ యూరి పాడుబడిన గడీలో పూర్వ మేమి జరిగెడిదని యడుగగా, అది పరీక్షకు రాదని కూర్చుండబెట్టితిమి. అందేమి జరిగెడిదో నాటి మెదకు జిల్లా ప్రజ్ఞాపురమున పుట్టిన బి. నరసింగరావుగారు 1988లోనే 'దాసి' చిత్రమున చూపిరి, మే మెఱుగమా! విశ్వవిద్యాలయమువారు ఇట్టి వరుసలో 'దాసి'ని గూడ చేర్చి, స్పానిషు చిత్రములకు ముందు తెనుగున నాలుగు మాటలు చెప్పించినచో, ఇంగ్లీషు రాని తల్లులకును అవి అందును.

ఆ బాలు డిపు డెచట నున్నాడో విచారించుచున్నాము.