సింహమని విని గొఱ్ఱెపిల్లను చూచుట: ప్రత్యక్షతా సాహిత్యములో జంతు సంకేతములు

దానియేలు 7వ అధ్యాయమును గాని, ప్రకటన 13వ అధ్యాయమును గాని బోధించినప్పుడు మన సంఘములవారు మొదట అడిగే ప్రశ్న, "అయ్యగారూ, ఈ మృగము ఏ దేశము?" అన్నదే. 1980లలో, నా బాల్యములో, ఉజ్జీవ కూటములలో గుడ్డమీద గీసిన పది కొమ్ముల మృగమును చూపి, అవి ఐరోపా ఆర్థిక సమాజములోని పది దేశములని ప్రసంగీకులు చెప్పేవారు. 1981లో గ్రీసు చేరగా లెక్క సరిగ్గా పది అయ్యింది. 1986లో స్పెయిన్, పోర్చుగల్ చేరగా పన్నెండు అయ్యింది. ఆ కూటమి వారసురాలైన ఐరోపా సమాఖ్యలో నేడు 27 దేశములు ఉన్నవి. నేను కాపరినైన తరువాత కూడా కొంతకాలము కొమ్ముల లెక్కను సవరించుకొంటూ అదే బోధించాను. దోషము లెక్కలో కాక ప్రశ్నలోనే ఉన్నదని ఆలస్యముగా గ్రహించాను.

ఈ మృగములు చరిత్రకు సంబంధము లేనివని నా భావము కాదు. పొట్టేలు మాదీయుల, పారసీకుల రాజులనియు, మేకపోతు గ్రేకుల రాజనియు దానియేలు 8:20-21 స్వయముగా వివరిస్తుంది. 7వ అధ్యాయములోని చిన్న కొమ్మును, క్రీ.పూ. 167లో యెరూషలేము దేవాలయమును అపవిత్రపరచిన నాలుగవ అంతియొకస్ ఎపిఫానెసుగా అనేక పండితులు గుర్తిస్తారు. నాలుగవ మృగము రోమా అనే సంప్రదాయ వ్యాఖ్యానమూ ఉన్నది. అయితే దర్శనము మనలను అక్కడే ఆపదు. సింహము, ఎలుగుబంటి, చిఱుతపులి, ఇనుప దంతముల మృగము సముద్రములోనుండి వస్తాయి. శాశ్వత ప్రభుత్వము మాత్రము మనుష్యకుమారుని పోలిన వానికి అనుగ్రహింపబడుతుంది. దేవుని ఎదుట తన హద్దు మరచిన అధికారము మృగమవుతుందన్నదే ఇక్కడి బోధ.

దాదాపు అదే మక్కబీయుల కాలమునకు చెందిన మరొక దర్శనము హనోకు మొదటి గ్రంథము 85-90 అధ్యాయములలో ఉన్నది. దీని అరామిక్ శకలములు కుమ్రానులో దొరికాయి. పూర్తి పాఠము గీజు భాషలో మాత్రమే నిలిచింది. ఆదాము తెల్లని ఎద్దు. ఇశ్రాయేలీయులు గొఱ్ఱెలు. వారిని చీల్చే జనములు తోడేళ్లు, సింహములు, గద్దలు. మోషే గొఱ్ఱెగా ఉండి మనుష్యుడవుతాడు. చివరకు ఒక గొఱ్ఱెకు పెద్ద కొమ్ము మొలుస్తుంది. అది యూదా మక్కబీ అని పండితులు సాధారణముగా అంగీకరిస్తారు. తరువాత గొఱ్ఱెలకు గొప్ప ఖడ్గము ఇవ్వబడుతుంది. బాధింపబడిన మంద నిరీక్షణ ఇక్కడ ఆయుధమును పట్టుకొన్నది.

యెరూషలేము క్రీ.శ. 70లో నాశనమైన తరువాత, మొదటి శతాబ్దాంతములో వ్రాయబడిన ఎజ్రా నాలుగవ గ్రంథము, దానియేలు చూచిన నాలుగవ రాజ్యమును పక్షిరాజుగా, అనగా రోమాగా చూపిస్తుంది. అడవిలోనుండి గర్జించుచు వచ్చిన సింహము, అనగా మెస్సీయ, మనుష్య స్వరముతో దానిని గద్దించగా అది కాలిపోతుంది. న్యాయము ఖడ్గముచేత కాక వాక్కుచేత జరుగుట గమనింపదగినది. అయినను సింహము చివరివరకు సింహమే.

ఇంచుమించు అదే కాలపు ప్రకటన 5వ అధ్యాయము ఈ నేపథ్యములో చదువదగినది. యూదా గోత్రపు సింహము జయించెనని యోహాను వింటాడు. తిరిగి చూస్తే వధింపబడినట్టున్న గొఱ్ఱెపిల్ల నిలిచి ఉన్నది. క్రీస్తును సింహమని ఈ గ్రంథము చెప్పేది ఆ ఒక్కసారే. గొఱ్ఱెపిల్ల అనుటకు వాడిన 'ఆర్నియోన్' అనే గ్రీకు పదము 29 సార్లు వస్తే, అందులో 28 సార్లు క్రీస్తునుద్దేశించినదే. ఆ గొఱ్ఱెపిల్లకు ఏడు కొమ్ములున్నవి గనుక బలము తగ్గలేదు. బలమునకు అర్థము మారింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ న్యాయమైనదే. 6:16లో గొఱ్ఱెపిల్ల ఉగ్రత, 17:14లో ఆయన యుద్ధము ఉన్నవి గదా? ఉన్నవి, వాటిని మెత్తబరచకూడదు. కాని 19వ అధ్యాయములో ఖడ్గము ఆయన నోటినుండి వస్తుంది. 12:11లో ఆయన ప్రజలు జయించినది గొఱ్ఱెపిల్ల రక్తమునుబట్టియు తమ సాక్ష్యమునుబట్టియు. చంపుటవలన జయించారని అక్కడ లేదు.

మిగిలిన ఆ ఒక్కసారి ఎక్కడ? 13:11లో. భూమిలోనుండి వచ్చిన రెండవ మృగమునకు గొఱ్ఱెపిల్లకున్నట్టి రెండు కొమ్ములున్నవి, మాట మాత్రము ఘటసర్పముది. మన పాత ప్రశ్న ఈ వచనమునకు సరిపోదు, ఎందుకంటే ఈ మృగమును ఆకారమునుబట్టి గుర్తుపట్టలేము, వినాలి. ప్రభువు పేరు చెప్పి భయపెట్టే స్వరము, బలవంతుని పక్షమున నిలిచి దీనుని గద్దించే స్వరము విదేశ రాజధానులలో మాత్రమే పుడుతుందని ఎందుకనుకోవాలి? అది బల్లయెదుట వినిపించవచ్చు, కమిటీ గదిలో వినిపించవచ్చు. అధికారము చేతిలో ఉన్న కాపరి నోట, నా నోట కూడా వినిపించవచ్చు.

ఇప్పుడు ఎవరైనా "ఈ మృగము ఏ దేశము?" అని అడిగితే, ఆ వచనమును మరల చదివించి, "దాని మాట ఎవరి మాటవలె ఉన్నది?" అని నేను తిరిగి అడుగుతున్నాను. సేవకు సిద్ధపడుతున్న యౌవన సహోదరులు పటము గీయుటకు ముందు ఈ ప్రశ్నను తమకు తాము వేసికొందురుగాక.