పన్నెండేళ్లు దాటాక ఏ పుస్తకం?

పిల్లల కథకు ప్రాణం వాక్యంలో ఉంటుంది. కథ ఎంత మంచిదైనా, వాక్యం నోట్లో ఆడకపోతే ఎనిమిదేళ్ల పిల్ల రెండో పేజీ తిప్పదు. పిల్లల పుస్తకమంటే పొట్టి వాక్యాలే ఉండాలన్న నమ్మకం తెలుగులో బాగా పాతుకుపోయింది. ‘రాము లేచాడు. రాము పళ్లు తోముకున్నాడు. రాము చద్దన్నం తిన్నాడు. రాము బడికి వెళ్లాడు.’ ఈ పద్ధతి చూడ్డానికి సులువే, వినడానికి మాత్రం మొద్దు. ఏ అమ్మమ్మా కథ ఇలా చెప్పదు. ‘రాము లేచి, పళ్లు తోముకుని, గబగబా చద్దన్నం తినేసి బడికి పరుగెత్తాడు’ అంటుంది. ఒక పనిలోంచి ఇంకో పనిలోకి జారుకుంటూ పోవడమే తెలుగు కథ నడక. పిల్లలు పుట్టినప్పటినుంచీ వింటున్న నడక గనక వాక్యం కాస్త పొడుగైనా తడబడరు. వాళ్లను నిలబెట్టేసేవి ఒత్తు మీద ఒత్తు పడ్డ సంస్కృత సమాసాలు. అందుకే పిల్లల రచయిత రాసింది పైకి చదివి చూసుకోవాలి. గొంతు ఎక్కడ ఆగితే అక్కడ దిద్దాలి. ఇంతకు మించిన పరీక్ష లేదు.

ఈ పైకి చదివే గుణం తెలుగు బాల సాహిత్యానికి రేడియో నుంచి కూడా అబ్బింది. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరుపడ్డ న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసులో పిల్లల కార్యక్రమాలు నడిపి, 1945లో ‘బాల’ పత్రిక పెట్టారు. పిల్లలు వినేవాళ్లుగానే మిగిలిపోకుండా, వాళ్ల చేతనే రాయించి, బొమ్మలు వేయించడం ఆ పత్రిక ప్రత్యేకత. ముళ్లపూడి వెంకటరమణ తొలి కథా, బాపు తొలి బొమ్మలూ అచ్చయింది అందులోనే. ఇద్దరూ అప్పటికి బడిపిల్లలు. పిల్లలను రచయితలుగా నమ్మితే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

రెండేళ్లకు, 1947 జూలైలో, బి.నాగిరెడ్డి, చక్రపాణి ‘చందమామ’ మాసపత్రికను తెలుగులోనూ తమిళంలోనూ మొదలుపెట్టారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా కొడవటిగంటి కుటుంబరావు దాని సంపాదక బాధ్యత మోశారు. పెద్దల కోసం రాసేటప్పుడు ఆయన పక్కా హేతువాది. అదే మనిషి నెలనెలా రాక్షసులు, మాంత్రికులు, భూతాల కథలను చెక్కి పంపేవారు. ఇందులో వైరుధ్యం లేదు. కథలో భూతం ఉన్నంత మాత్రాన పిల్లలు భూతాన్ని నమ్మరు, కథను నమ్ముతారు. చందమామ వచనంలో పాత్రల మంచిచెడ్డలు వాళ్లు చేసిన పనుల్లో తెలుస్తాయి తప్ప రచయిత మధ్యలో దూరి ఉపదేశం చెయ్యడు.

ఆ పనితనం బేతాళ కథల్లో మరీ బాగా కనిపిస్తుంది. విక్రమార్కుడు చెట్టు మీది శవాన్ని భుజాన వేసుకుని మౌనంగా నడుస్తుంటాడు. శవంలోని బేతాళుడు కథ చెప్పి ఒక చిక్కుప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగిలిపోతుంది, చెబితే మౌనం భంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. పాత కథలు ఇరవై ఐదే. అవి అయిపోయాక చందమామ అదే చట్రంలో కొత్త కథలు అల్లించి దశాబ్దాలపాటు నడిపింది. ఈ చట్రంలోని తెలివంతా ప్రశ్నకూ జవాబుకూ మధ్యనున్న ఆ కాస్త జాగాలో ఉంది. అక్కడ పత్రిక మూసి, ముందు తన తీర్పు చెప్పుకుని, తర్వాత రాజు తీర్పుతో పోల్చుకున్న పిల్లలు ఎందరో. నీతి చెప్పడానికీ, నీతి గురించి ఆలోచింపజెయ్యడానికీ ఉన్న తేడా ఇదే. కత్తి పట్టి శవాన్ని మోస్తున్న రాజు బొమ్మ గీసిన చిత్రకారుడు శంకర్ 2020 దాకా మన మధ్యే ఉన్నారు.

అదే పత్రికలో ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ వంటి సీరియల్స్ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. అవి వస్తున్నప్పుడు ఆయన పేరు వేయలేదు. లక్షలమంది పిల్లలు నెలంతా ఎదురుచూసిన రచయిత ఎవరో వాళ్లలో ఎక్కువమందికి పెద్దయ్యాకే తెలిసింది. పిల్లల రచయితను తెలుగు సమాజం ఏ స్థానంలో ఉంచిందో ఈ ఒక్క సంగతి చెబుతుంది.

1956-57ల్లో ఆంధ్రపత్రిక వీక్లీలో వచ్చిన ముళ్లపూడి ‘బుడుగు’ది ఇంకో దారి. నిజానికది పిల్లవాడి గొంతుతో పెద్దవాళ్ల కోసం రాసిన పుస్తకం. అందులోని చమత్కారం సగం పెద్దలకే అందుతుంది. అయినా పిల్లలు దాన్ని తమదిగా లాక్కున్నారు. నామిని కథలు, మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ అలాంటివే. చిత్తూరు పల్లె, నెల్లూరు జిల్లా కావలి పిల్లల నోట అచ్చం అలాగే పలికిన యాస అది. చదువుతుంటే మా ఇంటి మాట పుస్తకంలోకి వచ్చిందనిపిస్తుంది. పిల్లలను చదువు వైపు లాగడానికి దీన్ని మించిన బలం లేదు.

అసలు లోటు పిల్లలు కాస్త పెద్దయ్యాక మొదలవుతుంది. పన్నెండేళ్ల దాకా తెలుగు పిల్లలకు ఏదో ఒకటి దొరికింది. పద్దెనిమిది దాటితే పెద్దల సాహిత్యం ఉంది. మధ్యలో వాళ్ల కోసమని రాసినవి చాలా తక్కువ. ఒక తరం చందమామ వదిలి నేరుగా డిటెక్టివ్ నవలల్లోకి, వీక్లీ సీరియల్స్‌లోకి దూకింది. ఇప్పటి తరం ఇంగ్లీషు ఫాంటసీల్లోకో ఫోన్‌లోకో వెళ్తోంది. అమెరికాలో ఎస్.ఇ.హింటన్ రాసిన ‘ది అవుట్‌సైడర్స్’ 1967లో వచ్చేనాటికి రచయిత్రికి ఇరవై కూడా లేవు. తన వయసువాళ్ల గొడవలు, పేదాగొప్పా తేడాలు ఆమె దాచకుండా రాసింది. ఆ వయసువాళ్ల పుస్తకాలకు అక్కడ ప్రత్యేకమైన చోటు ఏర్పడటానికి ఆ నవల గట్టి కారణం.

తెలుగు టీనేజ్ పిల్లల బతుకులో కథలకు కరువేమీ లేదు. ఇంటర్ హాస్టల్లో తెల్లవారకముందే మోగే స్టడీ అవర్ గంట, ర్యాంకుల భయం, మొదటిసారి ఎదురైన కులం ప్రశ్న, మారుతున్న ఒళ్లు, ఎవరికీ చెప్పుకోలేని ఇష్టం, ఎవరి పేరు మీద తిరుగుతుందో తెలియని ఫోటో. ఇవన్నీ ఉన్న నవల పదో తరగతి పిల్ల చేతికి రావాలి. హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ 2008లో తెచ్చిన బాల సాహిత్య వరస అలాంటి ధైర్యం చేసింది. దళిత, ముస్లిం ఇళ్ల పిల్లలు అందులో కథానాయకులు. మీదికొచ్చిన దొరను ఎదిరించిన అమ్మాయి కథ గోగు శ్యామల రాశారు. ఇది పిల్లలకు తగునా అని సందేహపడే పెద్దలు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ వయసు పిల్లలకు ఆ అనుభవాలు పుస్తకంకన్నా ముందే ఎదురవుతున్నాయి. పుస్తకం ఆలస్యమైతే వాళ్లు ఒంటరిగా మిగిలిపోతారు.

పిల్లల పుస్తకాలకు పండగలు లేకపోలేదు. పిల్లల కథల రచయిత ఆండర్సన్ పుట్టిన ఏప్రిల్ 2 అంతర్జాతీయ బాలల పుస్తక దినోత్సవం. సాహిత్య అకాడమీ 2010లో బాల సాహిత్య పురస్కారం మొదలుపెట్టింది. తెలుగులో తొలిసారి అది కలువకొలను సదానంద ‘అడవితల్లి’కి వచ్చింది. నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. విజయవాడ, హైదరాబాద్ పుస్తక ప్రదర్శనల్లో పిల్లల స్టాళ్ల దగ్గర రద్దీ కూడా బాగానే ఉంటుంది. కానీ శాలువా కప్పి, ఫోటో తీసుకుని, ఆ పుస్తకంలో ఒక్క పేజీ కూడా పిల్లలకు చదివి వినిపించకుండా ముగిసే సభ వల్ల పుస్తకానికి ఒరిగేదేమీ లేదు. రచయిత పిల్లల మధ్య కూర్చుని చదవాలి, వాళ్లు అడగాలి, వాళ్లు నచ్చలేదంటే వినాలి. కొన్ని ప్రభుత్వ బడుల్లో టీచర్లు పిల్లల చేత కథలు రాయించి సంకలనాలు వేస్తున్నారు. సొంత పేరు అచ్చులో చూసుకున్న పిల్లవాడికి అంతకన్నా పండగ ఇంకేముంటుంది?

తెలుగు రాష్ట్రాల్లో ఆస్తిపన్ను కట్టే ప్రతి ఇల్లూ రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కూడా కడుతోంది. ఆ డబ్బు మనది. ఈ వారం మీ ఊరి లైబ్రరీకి వెళ్లండి. పిల్లల బీరువా తీయించి చూడండి. పదమూడేళ్ల పిల్లకు చదవడానికి అందులో ఏముందో అడగండి. లేకపోతే కావలసిన పుస్తకాల పేర్లు రాసిచ్చి, తెప్పించేదాకా వదలకండి.